‘వార్ ఫొటోగ్రాఫర్’ మేలా, ‘మెకల్లిన్’ మేలా?

యుద్ధ ఫొటోగ్రాఫర్ల మీద ఒక్క డాక్యుమెంటరీయే చూసే టైముంటే ఏది చూడాలి? ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు. అడిగేవాళ్లు దాదాపు ఎప్పుడూ రెండు పేర్లే చెబుతారు. ఒకటి, జేమ్స్ నాక్ట్‌వే మీద క్రిస్టియన్ ఫ్రై తీసిన ‘వార్ ఫొటోగ్రాఫర్’ (2001). రెండోది, డాన్ మెకల్లిన్ మీద జాకీ మోరిస్, డేవిడ్ మోరిస్ తీసిన ‘మెకల్లిన్’ (2012). మొన్న రెండూ వరసగా మళ్లీ చూశాను.

ఇలాంటి ఫొటోలు చూసినప్పుడల్లా నాకు ఒకటే అనుమానం. అంత ఏడుపులో ఉన్న మనుషులు కెమెరా పట్టుకున్న పరాయివాణ్ణి అంత దగ్గరికి ఎలా రానిచ్చారు? ఏ సినిమా మేలో నేను తేల్చుకున్నది ఈ ప్రశ్న మీదే.

ఫ్రై చేసిన పని చిన్నదే. నాక్ట్‌వే స్టిల్ కెమెరాకే ఒక బుల్లి వీడియో కెమెరా బిగించాడు. దాంతో షటర్ మీద వేలు, అది మీట నొక్కే క్షణం, అవతల ఉన్న మనిషి ముఖం, అన్నీ ఒకే ఫ్రేములో కనిపిస్తాయి. కొసావోలో అయినవాళ్లను పోగొట్టుకున్న ఆడవాళ్ల మధ్య నాక్ట్‌వే ఎలా నిలబడ్డాడో చూడండి. హడావుడి లేదు. ఆగుతాడు, కాస్త వంగుతాడు, ఒకటి తీసి మళ్లీ ఆగుతాడు. వాళ్లు అతన్ని చూస్తూనే ఉంటారు, పొమ్మనరు. యుద్ధ ఫొటోగ్రఫీ అంటే పరుగులే అనుకునేవాణ్ణి; ఇందులో ఎక్కువగా ఉన్నది నిలబడటమే. జకార్తాలో రైలు పట్టాల పక్కన బతికే కుటుంబం దగ్గరా అంతే. ఆ తండ్రికి ఒక చెయ్యీ ఒక కాలూ లేవు. అక్కడ తుపాకులు లేవు, అయినా అతని తీరు మారదు.

లోపం లేదని కాదు. తోటి జర్నలిస్టులు నాక్ట్‌వేని పొగుడుతూ ఉంటే కొంతసేపటికి ఒక సన్యాసి కథ చూస్తున్నట్టు ఉంటుంది. నిలదీసేవాళ్లు లేరు. ఆయనా పెద్దగా మాట్లాడే రకం కాదు.

మెకల్లిన్ అందుకు పూర్తిగా భిన్నం. కెమెరా ముందు కూర్చుని సైప్రస్, కాంగో, బయాఫ్రా, వియత్నాం, లెబనాన్ అన్నీ చెబుతాడు. చెబుతూ తన మీద తానే కేసు పెట్టుకుంటాడు. 1968లో వియత్నాంలోని హ్యూ నగరంలో తీసిన, షాక్‌లో ఉన్న అమెరికన్ సైనికుడి ఫొటో మీకు గుర్తుండే ఉంటుంది. వరసగా తీసిన ఫ్రేముల్లో వేటిలోనూ ఆ ముఖం కదల్లేదట. అది ఆయన నోటితో వినాలి. ఒకప్పుడు లండన్ పత్రిక సండే టైమ్స్‌కి సంపాదకుడిగా ఉన్న హెరాల్డ్ ఎవాన్స్ కూడా మాట్లాడతాడు. ఇలాంటి ఫొటోలకు పత్రికల్లో ఒకప్పుడు ఎంత చోటుండేదో, అది ఎలా పోయిందో తెలుసుకోవాలంటే ఈ సినిమానే చూడాలి.

కాకపోతే ఇదంతా ఎన్నో ఏళ్ల తర్వాత, ఎన్నోసార్లు చెప్పి చెప్పి నున్నబడిన జ్ఞాపకం. ఫొటో పూర్తయ్యే మన ముందుకు వస్తుంది. తీసేటప్పుడు ఏం జరిగిందన్నది ఆయన చెప్పినంతే. అందుకే నా ఓటు ‘వార్ ఫొటోగ్రాఫర్’కి. హీరోని ప్రశ్నించని సినిమా మీకు అసలు పడదంటే మాత్రం ‘మెకల్లిన్’తో మొదలుపెట్టండి, నేనేమీ అనుకోను.

మిగతావి రెండు ముక్కల్లో. 2011లో లిబియాలోని మిస్రాటాలో చనిపోయిన ఫొటోగ్రాఫర్ టిమ్ హెదరింగ్టన్ మీద సెబాస్టియన్ యుంగర్ 2013లో ఒక డాక్యుమెంటరీ తీశాడు. స్నేహితుడు స్నేహితుడి మీద తీసినది. పై రెండూ చూశాక చూడొచ్చు. దక్షిణాఫ్రికా ఫొటోగ్రాఫర్ కెవిన్ కార్టర్ మీద 2004లో వచ్చినది చిన్న సినిమా, కానీ అందులో అతని ఆత్మహత్య ఉంటుంది. మనసు బాగాలేని రోజున దాని జోలికి వెళ్లొద్దు.

‘వార్ ఫొటోగ్రాఫర్’ని ఫోన్‌లో మాత్రం చూడకండి. అసలు చూడాల్సిన ఆ వేలు ఫ్రేము అంచున ఉంటుంది.