వాన రాత్రుల్లో మీడియం వేవ్: ఏడేళ్ల వాడకం తర్వాత

ఏడేళ్లుగా ఒకటే రేడియో. సిగ్నల్ పట్టే యాంటెన్నాలు రెండు: లోపల అరచేతి పొడవు ఫెరైట్ కడ్డీ, బయట నేను కట్టిన ఇరవై మీటర్ల తీగ. రాత్రిపూట మీడియం వేవ్‌లో వచ్చే దూరపు ఏఎం స్టేషన్లు వెతకడానికే కొన్నాను. మొదట్లో వాన మొదలైతే చాలు, ఈరోజు ఏమీ దొరకదులే అని కట్టేసేవాణ్ణి. అలా ఎన్ని మంచి రాత్రులు పోయాయో!

మీడియం వేవ్‌కి వాన ఒక లెక్కే కాదు. 1000 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్కో తరంగం పొడవు 300 మీటర్లు, చినుకులు దాన్నేం ఆపుతాయి? రాత్రి సిగ్నల్ మబ్బులకు ఎంతో పైన, సుమారు 100 కిలోమీటర్లు, అంతకంటే ఎత్తులో ఉన్న అయనోమండలం (విద్యుదావేశమున్న గాలి పొరలు) నుంచి తిరిగొస్తుంది. పగలు సిగ్నల్‌ని మింగేసే, అందులో అన్నిటికన్నా కిందుండే డి పొర పొద్దుగూకాక పోతుంది కాబట్టే చీకటిపడ్డాక స్టేషన్లు వరసకడతాయి.

చెడగొట్టేది మెరుపు. మన నెత్తిన నక్షత్రాలు మెరుస్తున్నా, వందల కిలోమీటర్ల అవతల ఉరుముతుంటే స్పీకర్లో ఎండుటాకులు నలిపినట్టు చిటపటలు. డయల్ మీద 600 కిలోహెర్ట్జ్ వైపు మరీ ఘోరం, 1500 వైపు కాస్త నయం. చలికాలంలో ఉరుములు తక్కువ, రాత్రులు పొడవు. నా నోట్‌బుక్‌లో మంచి తేదీలన్నీ అప్పటివే.

ఒకసారి వారాల తరబడి వాన లేక, ఓ సాయంత్రం సన్నగా తుంపర పడింది. డయల్ అంతా ఒకటే బుయ్‌మన్న రొద. రేడియో పాడైందేమోనని టెన్షన్. చేత్తో పట్టుకుని వీధిలో నడిస్తే ఒక కరెంటు స్తంభం దగ్గర రొద చెవులు పగలగొట్టింది. పింగాణీ ఇన్సులేటర్ల మీది దుమ్ము తడిసి కరెంటు లీకవుతోందన్నమాట. అర్ధరాత్రి జోరువాన దాన్ని కడిగేసింది, మర్నాడు నిశ్శబ్దం.

తీగ గురించి నా అభిప్రాయం మారింది. మామూలు రాత్రుల్లో బాగానే లాగుతుంది, కానీ వానలో విద్యుదావేశమున్న చినుకులు తగిలి బుసకొడుతుంది. అప్పుడు కడ్డీయే మేలు. దాని కొన రొద వచ్చే దిక్కుకి తిరిగేలా రేడియోని నెమ్మదిగా తిప్పితే, ఒకచోట గోల సగానికి పడిపోతుంది. వంటింట్లో కన్నా గోడకి దూరంగా బల్ల మీద ఇంకా బాగుంటుంది.

రేడియోకి తెచ్చుకున్న ఒక్క రిపేరూ నా నిర్లక్ష్యమే. ఉరుముతుంటే తీగ పీకడం మర్చిపోయాను. పిడుగు మా ఇంటి మీద పడలేదు, దగ్గర్లో ఎక్కడో పడింది. తీగ నుంచి సిగ్నల్ అందుకునే మొదటి ట్రాన్సిస్టర్ పోవడానికి అదే సరిపోయింది.