భోజనశాలలో రికార్డు తిప్పాలంటే: పాత ప్రెస్సింగా, కొత్త రీఇష్యూనా?

ఊళ్లు తిరిగే షెఫ్ సంచిలో మసాలా పొట్లాల పక్కన ఎల్పీ రికార్డులు కూడా ఉండటం ఇప్పుడు అరుదేమీ కాదు. చిక్కు తిరిగొచ్చాక మొదలవుతుంది. టోక్యోలోనో న్యూయార్క్‌లోనో ఏరి కొన్న ఆ రికార్డు దాచుకోవడానికా, భోజనానికి వచ్చినవాళ్లకు వినిపించడానికా? ఈ రెండు పనులకూ ఒకే రికార్డు సరిపోదు. ఏది దేనికి అన్నది కొనేముందే తేల్చుకోవాలి.

పదిమందికీ వినిపించే పద్ధతికి మంచి ఉదాహరణ జపాన్‌లోని జాజ్ కిస్సాలు, అంటే జాజ్ రికార్డులు వినిపించే కాఫీ హోటళ్లు. యోకోహామాలో చిగుసా 1933లో, టోక్యో యోత్సుయాలో ఈగిల్ 1967లో మొదలయ్యాయి. విదేశీ ఎల్పీ మామూలు జీతగాడికి అందని రోజుల్లో, ఒక్క కప్పు కాఫీ ధరకు దాన్ని వినే చోటు అది. అయితే కిస్సాకు వెళ్లేవాళ్లు ప్రధానంగా వినడానికే వెళ్తారు. భోజనశాలకు వచ్చేవాళ్లు తినడానికీ, మాట్లాడుకోవడానికీ వస్తారు. కిస్సాలో పనికొచ్చే ఎంపిక ఇక్కడ పనికిరాకపోవడానికి మొదటి కారణం ఇదే.

లెక్క వేసి చూడండి. ఎల్పీ ఒక్కో వైపు 18 నుంచి 22 నిమిషాలు. రాత్రి 7 నుంచి 11 దాకా 12 వైపులు తిరుగుతాయి. వారానికి ఆరు రోజులైతే 72 వైపులు. దగ్గర 40 రికార్డులుంటే ప్రతి వైపూ వారానికి దాదాపు ఒకసారి, ఏడాదికి సుమారు 47 సార్లు ముల్లు కింద పడుతుంది. అదీ నూనె పొగ తగిలే గాలిలో. ఈ లెక్క ఒప్పుకోగలిగిన రికార్డే హాల్లోకి రావాలి.

ఒరిజినల్, జపాన్ ప్రెస్సింగ్, రీఇష్యూ

అమెరికా కంపెనీ బ్లూ నోట్ జాజ్ రికార్డులనే తీసుకుందాం. షెఫ్‌లు ఎక్కువగా మనసు పారేసుకునేది వాటి మీదే. 1966 దాకా వచ్చిన అసలు ప్రెస్సింగులను, అంటే అప్పట్లోనే అచ్చువేసిన కాపీలను, గుర్తుపట్టడానికి, పాట అయిపోయాక మిగిలే నల్లటి అంచులో చెవి ఆకారపు చిన్న గుర్తు వెతుకుతారు. అది ఆ రికార్డులు అచ్చువేసిన ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీ ముద్ర. పక్కనే ఇంజినీర్ రూడీ వాన్ గెల్డర్ పేరు గానీ పొడి అక్షరాలు గానీ ఉంటాయి. అలాంటి కాపీలో బాకా ఊదినవాడి ఊపిరి ఎదురుగా తగులుతుంది, కాదనలేం. కానీ ఆ ఊపిరి వినాలంటే గది నిశ్శబ్దంగా ఉండాలి. ఇరవై టేబుళ్ల మాటలు, గరిటెల చప్పుడు మధ్య దానికి ఇచ్చిన ధరంతా గాలికి పోయినట్టే.

కొత్త రీఇష్యూల్లో, అంటే పాత ఆల్బమ్‌ను మళ్లీ అచ్చువేసిన కాపీల్లో, 2019లో బ్లూ నోట్ మొదలుపెట్టిన టోన్ పొయెట్ వరస చెప్పుకోదగ్గది. ఇంజినీర్ కెవిన్ గ్రే అసలు టేపుల నుంచి డిజిటల్ మెట్టు లేకుండా కట్ చేసినవి. 2020లో మొదలైన క్లాసిక్ వినైల్ వరస ఇంకా చవక. అరిగిపోతే ఇంకో కాపీ దొరకడం వీటి అసలు బలం. లోపాలూ ఉన్నాయి. కొత్త రికార్డు కదా అని చూడకుండా కొంటే, నడిమి రంధ్రం అర మిల్లీమీటరు పక్కకు పడినది రావచ్చు. అప్పుడు సాగదీసిన పియానో స్వరం ప్రతి చుట్టుకూ ఊగుతుంది. 180 గ్రాముల బరువు కూడా నాణ్యతకు హామీ కాదు. అది ప్లేయర్‌లో తిరిగే పళ్లెం మీద నిలకడగా కూర్చోవడానికి పనికొస్తుందేమో గానీ, గాడిలో శబ్దాన్ని బాగుచేయదు.

ఈ రెండింటి నడుమ 1970లు, 80ల్లో వచ్చిన జపాన్ ప్రెస్సింగులున్నాయి. భోజనశాలకు మా ఓటు వాటికే. అప్పటి జపాన్ వినైల్ చాలా శుభ్రం, గరగర తక్కువ. కొన్నవాళ్లు కూడా జాగ్రత్తగా వాడారు. ఎక్కువగా టేపు కాపీల నుంచి కట్ చేసినవి కాబట్టి కాస్త పలుచగా, పైస్థాయి వెలుగ్గా వినిపిస్తాయన్న మాట నిజమే. మాటల హోరులో ఆ వెలుగే పాటను నిలబెడుతుంది. అట్టకు చుట్టిన ఓబీ కాగితం కోసం మాత్రం అదనంగా డబ్బు పెట్టొద్దు. హాల్లో వాడితే నెల తిరక్కుండా చిరుగుతుంది.

షాపులో గ్రేడు చూసేటప్పుడు ఇంటి లెక్క పక్కన పెట్టాలి. ఇంట్లో సన్నటి చిటపట చిరాకు పెడుతుంది, హాల్లో అది ఎవరికీ వినపడదు. కాబట్టి వీజీ ప్లస్ (చాలా బాగుందని చెప్పే వీజీ గ్రేడుకు ఒక మెట్టు పైన) చాలు, ఒక్కోసారి వీజీ కూడా. హాల్లో క్షమించరానిది ముల్లు ఎగరడం, ఒకే గాడిలో ఇరుక్కోవడం. అరిగిపోయిన గ్రామఫోన్ రికార్డులా అన్న మాట అప్పుడు నలభై మంది ముందు అక్షరాలా నిజమవుతుంది. గీత మీద గోటిని మెల్లగా ఆనించి చూడండి. గోరు తగిలితే ముల్లూ తగులుతుంది. గాడిని అడ్డంగా కోసిన గీత 1.8 సెకన్లకోసారి టక్కుమంటుంది, అంతే, 33⅓ వేగంలో ఒక చుట్టుకు పట్టే సమయం అది. గాడి వెంబడి సాగిన గీత ప్రమాదం, ముల్లును పక్క గాడిలోకి తోసేస్తుంది. రికార్డును కంటి ఎత్తున అడ్డంగా పట్టుకుని వంకర చూడండి. వంకర ఉన్న నియర్ మింట్ (దాదాపు కొత్త) కాపీ కంటే చదునుగా ఉన్న వీజీయే నయం.

మోనోనా, స్టీరియోనా

చాలామంది పట్టించుకోని విషయం ఇదే, భోజనశాలలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. 1960ల తొలినాటి స్టీరియో రికార్డుల్లో చాలావాటిలో డ్రమ్స్ ఒక పక్క, సాక్సఫోన్ ఇంకో పక్క పూర్తిగా విడదీసి పెట్టారు. ఇంట్లో రెండు స్పీకర్ల నడుమ కూర్చుంటే బాగుంటుంది. హాల్లో కుడి మూల టేబుల్‌కు రాత్రంతా డ్రమ్సే వినిపిస్తాయి. ఆ కాలపు పాటలకు మోనో (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చే) కాపీయే కొనాలి. లేదా మోనో స్విచ్ ఉన్న ఆంప్లిఫయర్ పెట్టాలి.

మన పాత హెచ్ఎంవీ ఎల్పీల్లో ఇది కనిపెట్టడం తేలిక. నంబరు ముందు అక్షరాలు ఇ.సి.ఎల్.పి., ఇ.ఎ.ఎల్.పి. అని ఎల్పీతో ముగిస్తే మోనో. ఇ.సి.ఎస్.డి., ఇ.ఎ.ఎస్.డి. అని ఎస్.డి.తో ముగిస్తే స్టీరియో. కోల్‌కతా డమ్ డమ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కర్ణాటక, హిందుస్తానీ సంగీత రికార్డులు హాల్లో చక్కగా కుదురుతాయి, ముఖ్యంగా వీణ, వేణువు. అయితే మన ఇళ్లలో చాలావాటిని బరువైన సిరామిక్ పికప్ (ముల్లు బిగించే భాగం) ఉన్న పెట్టె ప్లేయర్ల మీద తిప్పారు. పైకి నిగనిగలాడుతున్నా, గొంతు పైస్థాయికి వెళ్లినచోట, లోపలి గాళ్లలో బరబర వినిపిస్తే అది మురికి కాదు, అరుగుదల. ఎంత కడిగినా పోదు. వినకుండా కొనొద్దు.

బెల్ట్ డ్రైవా, డైరెక్ట్ డ్రైవా

ఇంటికైతే బెల్ట్ డ్రైవ్ మంచి ఎంపిక. మోటారు వణుకు పళ్లేనికి చేరకుండా రబ్బరు బెల్ట్ ఆపుతుంది. వంటగదికి దగ్గరగా ఉన్న హాల్లో ఆ రబ్బరే బలహీనత. నూనె ఆవిరి పట్టి బెల్ట్ జారుతుంది, వేగం తగ్గుతుంది, శ్రుతి దిగుతుంది. స్ప్రింగుల మీద తేలే రకాలైతే సర్వర్ అడుగు బలంగా పడినా ముల్లు ఎగురుతుంది.

టెక్నిక్స్ ఎస్ఎల్-1200 లాంటి డైరెక్ట్ డ్రైవ్ (బెల్ట్ లేకుండా మోటారే పళ్లేన్ని తిప్పే రకం) ఇలాంటి చోటుకే పుట్టినట్టుంటుంది. 1972లో వచ్చింది, 1979 ఎంకే2 మోడల్‌తో క్లబ్బుల్లో స్థిరపడింది, 2010లో ఆగి 2016లో తిరిగొచ్చింది. ఎంకే2 0.7 సెకన్లలో పూర్తి వేగం అందుకుంటుంది. వైపు మార్చే మనిషికి కౌంటర్ దగ్గర ఇంకో పది పనులుంటాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

విదేశంలో పాత ప్లేయర్ కొనేవాళ్లు మోసపోయే చోటు ఒకటుంది. అమెరికా నుంచి పాత బెల్ట్ డ్రైవ్ తెచ్చి, ట్రాన్స్‌ఫార్మర్‌తో 110 వోల్టులు ఇస్తే సరిపోతుందనుకుంటారు. అలాంటి చాలా ప్లేయర్లలో మోటారు వేగం వోల్టేజీ మీద కాదు, కరెంటు ఫ్రీక్వెన్సీ మీద ఆధారపడుతుంది. 60 హెర్ట్జ్ మోటారు మన 50 హెర్ట్జ్ మీద 33⅓కు బదులు నిమిషానికి సుమారు 27.8 చుట్లే తిరుగుతుంది. మోటారు కప్పీ మార్చాల్సిందే. జపాన్‌లో ఇంకా తిరకాసు: టోక్యో వైపు 50, ఒసాకా వైపు 60 హెర్ట్జ్. క్వార్ట్జ్ నియంత్రణ ఉన్న డైరెక్ట్ డ్రైవ్‌కు ఈ బెడద లేదు, సరైన వోల్టేజీ ఇస్తే చాలు.

ప్లేయర్‌ను బార్ కౌంటర్ మీద, కాఫీ గ్రైండర్ పక్కన పెట్టొద్దు. గోడకు బిగించిన బ్రాకెట్ మీద మందపాటి గ్రానైట్ పలక, దాని మీద ప్లేయర్. స్పీకర్లు వేరే గోడకు. ఫ్రీజర్ ఉన్న లైన్ నుంచి కరెంటు తీసుకుంటే కంప్రెసర్ ఆగి మొదలైనప్పుడల్లా స్పీకర్లో టప్పుమంటుంది.

ముల్లు సంగతి తొందరగా తేలుతుంది. ఆడియో-టెక్నికా వీఎం95 వరసలో ఒకే కార్ట్రిడ్జ్‌కు (ముల్లు బిగించే పెట్టెకు) వేర్వేరు కొనల ముళ్లు సరిపోతాయి. తయారీదారు చెప్పే ఆయుష్షు అండాకారపు కొన ఉన్న ఎలిప్టికల్‌కు 300 గంటలు, గుండ్రటి కొన ఉన్న కానికల్‌కు 500, చాలా సన్నటి కొన ఉన్న మైక్రోలీనియర్‌కు 1000. వారానికి 24 గంటలు తిప్పితే వరసగా మూడు నెలలు, ఐదు నెలలు, తొమ్మిది నెలల పైన. మైక్రోలీనియర్ ఖరీదైనా రికార్డుల మీద ప్రేమ ఉంటే అదే మేలు. హడావుడిలో ముల్లు విరగ్గొట్టే సిబ్బంది ఉంటే కానికల్‌తో సరిపెట్టుకోండి. ఏదైనా గంటలు పుస్తకంలో రాయాలి. అరిగిన ముల్లు ఒక్క వారంలో నలభై రికార్డుల గాళ్లూ గీకేస్తుంది.

నూనె పొరను పొడి బ్రష్ తీయలేదు, ఇంకా పులుముతుంది. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 200 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మూడు నాలుగు చుక్కల ఫోటో వెట్టింగ్ ఏజెంట్ కలిపి, మెత్తటి బ్రష్‌తో గాడి దారినే తుడవాలి. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నిలబెట్టి ఆరబెట్టాలి. కుళాయి నీళ్లు వాడితే ఉప్పు గాళ్లలో మిగులుతుంది. రికార్డు ఆడుతున్నంతసేపూ మూత దించే ఉంచండి. ఇంట్లో తీసెయ్యమని చెప్పే సలహా ఇక్కడ చెల్లదు.

ప్రయాణంలో 7 కిలోల చేతి సంచిలో 20 ఎల్పీలు పడతాయి. రికార్డును లోపలి కవరుతో సహా అట్ట బయటికి తీసి, అట్ట వెనకాల పెట్టి సర్దితే అంచులు చిరగవు. ఎండలో నిలిపిన కారులో మాత్రం పది నిమిషాలు కూడా వదలొద్దు. ఇంకో మాట: రికార్డు కొన్నంత మాత్రాన హోటల్లో వినిపించే హక్కు రాదు, హక్కుదారుల అనుమతి వేరే తీసుకోవాలి.

ఇక నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డులు (45లు), 78 చుట్లు తిరిగే లక్క రికార్డులు (78లు). మూడు నిమిషాలకోసారి మార్చాల్సిన వాటిని సర్వీసు నడుస్తుండగా పెట్టలేం. తలుపులు మూశాక, వంటవాళ్లు అన్నం తినే వేళ వాటిది. ఇస్తాంబుల్ నుంచి తెచ్చిన 45లూ, ఖరీదైన ఒరిజినల్ ఎల్పీలూ అప్పుడే బయటికి తీయాలి, వినేవాళ్లున్నప్పుడు. 78లకు వేగం కూడా ఉండాలి, పాత ఎంకే2లో అది లేదు. ముల్లు వేరు, వీఎం95ఎస్‌పీ, రికార్డు మీద ముల్లు మోపే బరువు 5 గ్రాములు. లక్క రికార్డును ఆల్కహాల్ కలిపిన నీటితో తుడిస్తే లక్క కరిగిపోతుంది. మర్నాటి సాయంత్రం ఎల్పీ పెట్టేముందు ఎల్పీ ముల్లు బిగించి, బరువును తిరిగి 2 గ్రాములకు తేవడం ఎవరి పనో రాత్రే చెప్పి వెళ్లాలి.