రీఫ్ ట్యాంకులో పిలవని అతిథులు: మాక్రో లెన్సు, ఎర్ర టార్చి, యాప్ ఎంతవరకు పనికొచ్చాయి?

కూకట్‌పల్లిలోని మా ఫ్లాటులో ఉన్న రీఫ్ ట్యాంకును, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకును, జీవులేవీ లేని ఎండురాళ్లతోనే మొదలుపెట్టాను. మన సముద్రాల్లోని రాతి పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మొదటి షెడ్యూలు రక్షణ ఉంది కనుక, సముద్రం నుంచి తీసిన లైవ్ రాక్ (జీవులు అంటుకుని ఉన్న రాయి) జోలికి పోలేదు. అయినా తోటి పెంపకందారులు ఇచ్చిన జోయాంథిడ్ అనే పగడం లాంటి జీవుల ముక్కల అడుగున, కీటో నాచు ముద్దలో, చివరకు నత్తల పెంకుల మీద కూడా హిచ్‌హైకర్లు, అంటే పిలవకుండా వెంట వచ్చే చిన్న జీవులు, వస్తూనే ఉన్నాయి. వాటిలో దేన్ని ఉండనివ్వాలో, దేన్ని తీసివేయాలో తేల్చుకోవడానికి కొన్నేళ్లుగా మూడు సాధనాలు వాడుతున్నాను. ఒకటి ఫోనుకు తగిలించే క్లిప్పు మాక్రో లెన్సు, రెండోది ఎర్ర వెలుగు ఉన్న హెడ్ టార్చి, మూడోది ఫోటో చూసి జీవి పేరు సూచించే ఉచిత యాప్.

మూడింటిలో లెన్సుకే ఎక్కువ మార్కులు వేస్తాను, అయితే దాని పరిమితి తెలిసి కొనాలి. ఇలాంటి లెన్సులు వస్తువుకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో మాత్రమే ఫోకస్ అవుతాయి. అందులో ఒక సెంటీమీటరు ట్యాంకు అద్దం మందానికే పోతుంది కనుక, అద్దానికి దాదాపు ఆనుకుని ఉన్న జీవి తప్ప మరేదీ స్పష్టంగా దొరకదు. రాతి లోపల ఉన్నదాన్ని చూడాలంటే పిపెట్‌తో పీల్చి, ట్యాంకు నీరే పోసిన తెల్లటి గిన్నెలో వేసి, పైనుంచి ఫోటో తీయవలసిందే. పగడాల కోసం పెట్టే నీలి లైటును ఆపి తెల్ల లైటు ఒక్కటే ఉంచకపోతే అన్ని జీవులూ ఒకే రంగులో కనిపిస్తాయి. పంపు కూడా ఆపాలి.

లెన్సు విలువ నాకు ఐసోపాడ్ల (రొయ్యలు, పీతల కోవలోని చిన్న జీవులు) విషయంలో బాగా తెలిసింది. రాత్రి వేళ అద్దం మీద బియ్యపు గింజంత జీవులు పాకుతుంటే, చేపల రక్తం పీల్చే సిరోలానిడ్లు అనే ఐసోపాడ్లేమోనని ఎవరైనా కంగారు పడతారు. యాప్‌కు ఫోటో ఇస్తే, పూలకుండీల కింద ఉండే, ముట్టుకుంటే ఉండలా చుట్టుకుపోయే నేలపురుగు పేరు చెప్పింది. హైదరాబాదు సముద్రానికి 250 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది మరి. ఫోటో తీసిన చోటును బట్టి చుట్టుపక్కల ఉండే జీవులనే అది ముందు పెడుతుంది. నవ్వొచ్చింది గానీ, ఆ జవాబు పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు, ఎందుకంటే ఆ నేలపురుగు కూడా ఐసోపాడే. సిరోలానిడ్‌కు తల పక్కలను ఆక్రమించేంత పెద్ద కళ్లు, సన్నగా సాగిన ఒళ్లు ఉంటాయి, అది వేగంగా ఈదుతుంది. గిన్నెలో నేను చూసినవి వెడల్పుగా, చిన్న కళ్లతో ఉండి, పిపెట్ మొన తగలగానే ఉండ చుట్టుకున్నాయి. అవి కుళ్లినవాటిని, నాచును తిని బతికే స్ఫేరోమాటిడ్లు అనే మరో రకం ఐసోపాడ్లని తేలడంతో తిరిగి ట్యాంకులోనే వదిలేశాను. ఆ తేడా యాప్ చెప్పలేదు, కళ్ల పరిమాణం చెప్పింది.

అప్పటి నుంచి యాప్‌లో సమీప జీవుల వడపోత తీసేసి వాడుతున్నాను. వర్గం వరకు అది నమ్మదగినదే. జాతి పేరు మాత్రం నేను పట్టించుకోను, దాని మాట మీద ఏ జీవినీ చంపను. గోధుమ రంగు కాడ, మొనదేలిన స్పర్శకాలు, తాకగానే రంధ్రంలోకి ముడుచుకుపోయే తీరు కనిపిస్తే ఐప్టేసియాను (ట్యాంకంతా వ్యాపించి పగడాలను కుట్టే సముద్రపు పువ్వు లాంటి జీవి) గుర్తించడానికి యాప్ అక్కర్లేదు. దాన్ని గీకి పీకితే మిగిలిన తునకల నుంచి మళ్లీ పుడుతుంది కాబట్టి, మొలక దశలోనే పసిగట్టి పైన కాల్కవాసర్ (సున్నపు పొడి) ముద్ద పెట్టడానికి లెన్సు ఉపయోగపడుతుంది. వర్మెటిడ్ నత్తల సంగతీ అంతే. తెల్లగా, చిన్న చుట్టలా అద్దానికి అంటుకుని ఉండే స్పైరోర్బిడ్ పురుగుల గొట్టాల వల్ల ఏ హానీ లేదు. వర్మెటిడ్ మాత్రం గొట్టం నోటి నుంచి సాలెపోగు లాంటి జిగట దారాన్ని నీటిలోకి వదిలి, కాసేపటికి దానికి అంటుకున్న ఆహారంతో సహా వెనక్కి లాక్కుని మింగుతుంది. పక్కనున్న పగడానికి ఆ దారాలు తగిలి చికాకు పెడతాయి. దారం వెనక్కి వెళ్లడం ఒకసారి కళ్లారా చూస్తే ఇక ఏ సందేహమూ ఉండదు.

ఎర్ర టార్చి గురించి దుకాణాల్లో చెప్పేదానికి, జరిగేదానికి కొంత తేడా ఉంది. చాలా సముద్ర జీవులు ఎర్ర వెలుగును సరిగా గ్రహించలేవు కాబట్టి, లైట్లు ఆరిన గంట తరువాత చూస్తే బ్రిసిల్ వర్మ్‌లు (ఒంటి పక్కల గుచ్చుకునే నూగు ఉన్న పురుగులు), చిన్న బ్రిటిల్ స్టార్‌లు (సన్నని చేతులున్న నక్షత్ర చేపల బంధువులు), ఆంఫిపాడ్లు (చిన్న రొయ్యల్లాంటి జీవులు) జంకు లేకుండా తిరుగుతుంటాయి. బ్రిసిల్ వర్మ్‌లలో ఎక్కువ భాగం మిగిలిపోయిన మేతను శుభ్రం చేసేవే, వాటిని వట్టి చేతులతో ముట్టుకోకుంటే చాలు. రాతి సందు నుంచి తల మాత్రమే బయటపెట్టే పురుగు తల మీద ఐదు స్పర్శకాలు కనిపిస్తే మాత్రం అది యూనిసిడ్ (ట్యాంకులోని జీవులను తినగల పెద్ద పురుగు) కావచ్చు, దాన్ని ట్యాంకులో ఉంచకూడదు. అయితే చేపలను, పీతలను వేటాడే మాంటిస్ రొయ్య మీద ఈ టార్చి ఎత్తు పారదు. దాని కళ్లలో కాంతిని గ్రహించే కణాలు 12 నుంచి 16 రకాల దాకా ఉంటాయి, ముదురు ఎరుపును కూడా అది చూడగలదు. ట్యాంకు నుంచి టిక్కుమనే శబ్దం (మాంటిస్, పిస్టల్ రొయ్యలు రెండూ చేసేదే) వస్తే టార్చి ఒక్కదాన్నే నమ్ముకోకుండా, రాతికి దూరంగా చిన్న రొయ్య ముక్క పెట్టి ఎవరు వస్తారో చూడటం మేలు. పట్టకారు లాంటి రెండు ముందు కాళ్లలో ఒకటి అసాధారణంగా పెద్దదైతే అది పిస్టల్ రొయ్య, దాన్ని ఉండనిచ్చినా ఫర్వాలేదు. కాడల మీద నిలిచిన కళ్లు అటూ ఇటూ విడివిడిగా తిరుగుతుంటే అది మాంటిస్.

మన్నిక విషయానికి వస్తే, ట్యాంకు పక్కన ఎగిరే ఉప్పు తుంపరకు లెన్సు క్లిప్పులోని స్ప్రింగు తుప్పు పట్టి విరిగింది, గాజుకు మాత్రం ఏమీ కాలేదు. ఇప్పుడు వాడిన ప్రతిసారీ ఆర్‌వో నీటితో కడిగి, ఆరబెట్టి, మూత ఉన్న డబ్బాలో పెడుతున్నాను. కొత్తగా కొనేవారు లోహపు స్ప్రింగు లేని ప్లాస్టిక్ క్లిప్పు దొరికితే దాన్నే తీసుకోవాలి.