కడప నుంచి కువైట్‌కి: మద్రాసా, బెంగుళూరా, హైదరాబాదా, ఏది మేలు?

మా చిన్నాయన కొడుకు మళ్లీ కువైట్ పోతాండాడు, టికెట్ చూసే పని నా నెత్తిన పడింది. వాడేమో ఫోన్లో మ్యాప్ మీద గీత గీసి "అన్నా, హైదరాబాదే దగ్గర, అదే బుక్ చెయ్" అంటాడు.

గీత వరకు వాడు చెప్పింది నిజమే. హైదరాబాద్ నుంచి కువైట్‌కి నేరుగా సుమారు 3,370 కిలోమీటర్లు, బెంగుళూరు నుంచి 3,540, మద్రాసు నుంచి 3,780 దాకా వస్తాది. మద్రాసుతో పోలిస్తే 400 తక్కువ కదా అనిపిస్తాది, కానీ జెట్ విమానం గంటకి 800 పైనే పోతాది కాబట్టి పైన ఆ 400 అంటే అరగంట. కింద మనం కడప నుంచి హైదరాబాద్ పోవాల్సింది కూడా దాదాపు 400 కిలోమీటర్లే, కారులో ఏడు గంటలు కూర్చోవాల. మద్రాసు 260, బెంగుళూరు ఎయిర్‌పోర్టు రాయచోటి, మదనపల్లె, చింతామణి మీదుగా 230, 240. అరగంట మిగులుతుందని రెండు మూడు గంటలు పోగొట్టుకునేది ఏం లెక్కబ్బా?

ఇంక టైముల గోల. రాత్రి 10కి ఎక్కి 12:30కి దిగుతారని టికెట్ మీద ఉంటే మావోడు "రెండున్నర గంటలే" అని సంబరపడిపోయినాడు. కువైట్ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక, కాబట్టి పోయేటప్పుడు అది కలపాల, ఐదు గంటలు. వచ్చేటప్పుడు తీసేయాల, అక్కడ రాత్రి 10కి ఎక్కి ఇక్కడ తెల్లారి 5కి దిగితే చూడ్డానికి ఏడు గంటలు, నిజానికి నాలుగున్నరే. టికెట్ మీద పొడుగ్గా కనపడేదే అసలు పొట్టి ప్రయాణం, ఎందుకంటే పైన గాలి, చలికాలంలో ముఖ్యంగా, పడమటి నుంచి తూర్పుకి తోస్తాది. ఇంకోటి, టికెట్ మీద టైములో విమానం రన్‌వే దాకా పాకే టైము కూడా కలిసే ఉంటాది, అందుకే దూరాన్ని స్పీడుతో భాగించి చూస్తే లెక్క కుదరదు.

కడపలోనే ఎయిర్‌పోర్టు ఉంది కదా అంటారు. ఉంది, కానీ అక్కడి నుంచి పెద్ద ఎయిర్‌పోర్టు దాకా విడిగా టికెట్ తీసుకుంటే లోకల్ విమానంలో మామూలుగా 15 కిలోల సామానే, గల్ఫ్ పోయేవాళ్ల పచ్చళ్లకే సరిపోదు, పైగా మొదటిది లేటయితే రెండో టికెట్ గోవిందా.

మిగిలింది మద్రాసు, బెంగుళూరు. రైలు కావాలంటే మద్రాసే, బొంబాయి లైను కాబట్టి బండ్లు బాగానే ఉంటాయి, రాజంపేట, కోడూరు వాళ్లకైతే ఇంక ఆలోచనే వద్దు. కారయితే మాత్రం మద్రాసు ఊర్లోకి దూరేటప్పుడు ట్రాఫిక్‌లో ప్రాణం పోతాది, బెంగుళూరు ఎయిర్‌పోర్టు ఊరికి ఇవతలే దేవనహళ్లిలో ఉంది, సిటీలోకి పోయే పనే లేదు. మాది కారు, పది మంది సాగనంపడానికి రెండు బండ్లు కూడా, అందుకే బెంగుళూరు చేసినా.

ఇంటి నుంచి నాలుగున్నర గంటలు అనుకున్నాం, ఎయిర్‌పోర్టులో మూడు గంటల ముందు ఉండాల. గువ్వలచెరువులో పాలకోవాకి ఆగే అరగంట కూడా వేసుకోండి, అక్కడ ఆగకుండా కువైట్ పోయినోణ్ణి నేనైతే ఇంతవరకు చూడలా.