స్టేజీ మీద నాటకమా, తెర మీద నాటకమా?

లండన్ నేషనల్ థియేటర్ వాళ్ళు 2009లో హెలెన్ మిర్రెన్ అనే నటి వేసిన ఫెడ్రా నాటకంతో మొదలుపెట్టారు కదా, స్టేజీ మీద ఆడుతున్న నాటకాన్నే కెమెరాలతో తీసి సినిమా హాళ్ళకి పంపడం, అలాంటిదే ఒకటి మొన్న చూశా, 2015లో ఇంగ్లీష్ నటుడు బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్ వేసిన షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్. నిజం చెప్పాలంటే క్లోజప్‌లో ఆ కళ్ళు చూస్తుంటే ముందు వరసలో టికెట్ కొన్నవాడికి కూడా అంత కనపడదేమో అనిపించింది. సబ్‌టైటిల్స్ ఉంటే షేక్‌స్పియర్ ఇంగ్లీష్ కూడా కాస్త ఎక్కుద్ది.

కానీ చూపు మాత్రం మనది కాదు, ఎటు చూపిస్తే అటే చూడాలి. అదే మన గుంటూరు వెంకటేశ్వర విజ్ఞాన మందిరంలో రాయబారం సీన్ అనుకోండి, కృష్ణుడు పద్యం ఎత్తుకుంటే నేను కర్ణుడి మొహం చూస్తా, నా ఇష్టం. రాగం లాగుతుంటే హార్మోనియం ఆయన ఓరగా చూస్తూ వెనకే వెళ్తాడు, వెనక వరస తాతలు వన్స్‌మోర్ అంటే మళ్ళీ పాడాల్సిందే. తెర మీద హామ్లెట్‌ని వన్స్‌మోర్ అడిగితే ఎవడు వింటాడు?

మైకు గీపెడుతుంది, కుర్చీలు కిర్రుమంటాయి, అదంతా నిజమే. ఒక్కటే ఎంచుకోమంటే గుంటూరే, పరాయి నాటకమైతే తెర చాలు, ఆ టికెట్ కోసం లండన్ ఎవడెళ్తాడు.