"ఎంత నమిలినా చెక్కుచెదరదు" అని రాసి ఉన్న బొమ్మతో జాగ్రత్త: కుక్కలు పెంచేవారికి హెచ్చరిక

గట్టిగా నమిలే కుక్కల కోసమంటూ అమ్మే నల్లటి రబ్బరు బొమ్మలలో ఒక రకం వల్ల మాకు ఎదురైన ప్రమాదాన్ని, అదే రకం కొనాలనుకుంటున్నవారు ముందే తెలుసుకోవాలని రాస్తున్నాను. అమ్మిన సంస్థ పేరు కావాలనే రాయడం లేదు, ఎందుకంటే అదే అచ్చులో పోసిన బొమ్మను వేర్వేరు పేర్లతో, వేర్వేరు పెట్టెలలో అమ్ముతుండటం తరువాత గమనించాను. పేరుకన్నా ఆనవాళ్ళే మీకు పనికివస్తాయి. బొమ్మ ఎముక ఆకారంలో, జానెడు పొడవు ఉంటుంది. రెండు చివరలా రెండేసి బుడిపెలు, నడుమ పక్కగా ఒకే ఒక్క రంధ్రం, లోపల నొక్కితే కీచుమనే పీక, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వెంట్రుకంత సన్నని అతుకు గీత ఉంటాయి. పెట్టె మీద "సహజ రబ్బరు", "విషరహితం", "20 నుంచి 40 కిలోల కుక్కలకు" అనీ, వాటన్నిటికన్నా పెద్ద అక్షరాలలో "ఎంత నమిలినా చెక్కుచెదరదు" అనీ రాసి ఉంటుంది.

మా భైరవ నాలుగేళ్ళ లాబ్రడార్, బరువు 32 కిలోలు. వాడి నోట పడిన గుడ్డ బొమ్మ ఏదీ ఒక పూట కూడా నిలవలేదు గనుక "గట్టిది" అన్న మాటకు నేను తేలికగానే పడిపోయాను. బొమ్మ నల్లగా ఉండటం కూడా నన్ను మోసపుచ్చింది. 1976లో అమెరికాలో మొదలైన కాంగ్ సంస్థ (పాత వ్యాను నుంచి ఊడదీసిన రబ్బరు భాగాన్ని తన జర్మన్ షెపర్డ్ ఇష్టంగా కొరకడం చూసి దాని యజమానికి ఈ ఆలోచన వచ్చిందట) మామూలుగా నమిలే కుక్కలకు ఎర్ర బొమ్మను, మరీ గట్టిగా నమిలేవాటికి మరింత దృఢమైన రబ్బరుతో నల్ల బొమ్మను తయారుచేస్తుంది. అప్పటి నుంచి నలుపంటే దృఢమని కొనేవారిలో ఒక నమ్మకం పాతుకుపోయింది, దాన్ని వాడుకోవడానికి నల్ల రంగు ఒక్కటి ఉంటే చాలునని నాకు ఆలస్యంగా అర్థమైంది.

మొదటి రెండు రోజులు వాడు నా కళ్ళ ముందే ఆడాడు, బొమ్మ మీద పంటి గాట్లు తప్ప మరేమీ కనిపించలేదు. మూడో రోజు ఫోనులో మాట్లాడుతూ పక్క గదిలోకి వెళ్ళి 35 నిమిషాలకు తిరిగి వచ్చాను. అది నా తప్పే, దాచుకోవడం లేదు. వచ్చి చూసేసరికి ఒక చివర బుడిపెలు రెండూ లేవు, లోపలి పీక లేదు, భైరవ మాత్రం ఏమీ ఎరగనట్టు తోక ఊపుతూ నిలబడ్డాడు. విరిగిన చోట వెలుతురులో పెట్టి చూస్తే పైన మూడు మిల్లీమీటర్ల నల్లని పొర, దాని కింద బూడిద రంగులో స్పంజిలా గాలి బుడగలు నిండిన పదార్థం కనిపించాయి. పై పొర అతుకు గీత వెంబడే తొక్కలా విప్పుకుంది. రబ్బరును గోటితో నొక్కితే లోపలికి వెళ్ళి మళ్ళీ పైకి వస్తుంది, ఇది గోరు తగిలిన చోటల్లా పొడిపొడిగా రాలింది.

పశువైద్యురాలికి ఫోను చేస్తే ఆమె మొదట అడిగిన ప్రశ్న "ఎంత మింగాడు?" అన్నదే. నేల మీది ముక్కలన్నీ ఏరి, చొంగ తుడిచి, బొమ్మ ఆకారంలో పేర్చి చూశాను, తరువాత వంటింటి త్రాసులో తూచాను. పెట్టె మీద బరువు 380 గ్రాములని ఉంది, దొరికినవి 331 గ్రాములు. అంటే 49 గ్రాములు వాడి కడుపులో ఉన్నాయి. మీకు ఎప్పుడైనా ఇలాంటి పరిస్థితి ఎదురైతే ముక్కలను పారవేయకుండా వెంట తీసుకుని వెళ్ళండి, ఎందుకంటే వైద్యులకు ఏమి వెతకాలో, ఎంత వెతకాలో అవే చెబుతాయి.

మింగిన రెండు గంటల లోపు ఆసుపత్రికి చేరగలిగితే ఇంజెక్షనుతో వాంతి చేయించి బయటికి రప్పించే అవకాశం ఎక్కువ. ఇంట్లో ఉప్పునీళ్ళు గానీ హైడ్రోజన్ పెరాక్సైడ్ గానీ పట్టించే ప్రయత్నం చేయవద్దని, ముక్కలు పదునైనవైతే వాంతి వల్లే గొంతు చీరుకుపోవచ్చునని ఆమె గట్టిగా చెప్పారు. మేము గంటలోపే చేరాము. వాంతిలో బుడిపెలు రెండూ, పీకలో సగమూ వచ్చాయి, వాటిని కడిగి తూస్తే 38 గ్రాములు. మిగిలిన 11 గ్రాముల కోసం ఎక్స్‌రే తీశారు, ఏమీ కనిపించలేదు. లోహం, ఎముక పడినంత స్పష్టంగా ఎక్స్‌రేలో ప్లాస్టిక్, నురుగు పదార్థాలు పడవు. కనుక "ఎక్స్‌రేలో ఏమీ లేదు" అన్న మాట విని నిశ్చింతగా ఇంటికి వచ్చేయకూడదని మాకు మర్నాడే తెలిసింది. ఉదయం భైరవ గిన్నె వైపు చూడలేదు, రెండుసార్లు పసుపు నురగ కక్కాడు, పొట్ట ముట్టుకోనివ్వకుండా వీపు విల్లులా వంచి నిలబడ్డాడు. ఎండోస్కోపీలో, జీర్ణాశయం నుంచి చిన్నపేగులోకి దారితీసే ద్వారం దగ్గర ఇరుక్కున్న ముక్క దొరికింది. అదే పేగులోకి జారి అడ్డం పడి ఉంటే పొట్ట కోయవలసి వచ్చేదని చెప్పారు. వాడు మూడు రోజులలో కోలుకున్నాడు.

ఇక అమ్మినవారి సంగతి. "హామీ" అన్న మాట చూసే కొన్నాను గనుక ఫొటోలు జతచేసి రాశాను. వారం తరువాత వచ్చిన సమాధానంలో, నమలడం వల్ల కలిగే నష్టం సహజమైన అరుగుదల కిందికి వస్తుందని, దానికి హామీ వర్తించదని ఉంది. నమలడానికే అమ్మిన వస్తువు నమిలితే హామీ పోతుందట! రెండోసారి గట్టిగా రాశాక, బొమ్మ ముక్కలన్నీ ఒకచోట పెట్టి తీసిన ఫొటో పంపితే అదే రకం బొమ్మ మరొకటి ఇస్తామన్నారు. అందులో కొన్ని ముక్కలు ఆసుపత్రి డబ్బాలో ఉన్నాయని, రెండో బొమ్మ నాకు అక్కరలేదని చెప్పి ఊరుకున్నాను. హామీ షరతులలో ఏమేమి మినహాయించారో కొనకముందే చదవండి. సమీక్షలలోనూ పెట్టె విప్పిన రోజున రాసిన అయిదు నక్షత్రాల మాటలను పక్కన పెట్టి, నెల దాటాక రాసినవాటిని, ముఖ్యంగా విరిగిన చోటు ఫొటో పెట్టినవాటిని చూడండి. నేను కొన్న బొమ్మకే అలాంటి ఫొటో ఒకటి ఉంది, బూడిద రంగు స్పంజి అందులో స్పష్టంగా కనిపిస్తోంది, నేను అంత కిందికి వెళ్ళి చదవలేదు.

"విషరహితం" అన్న ముద్ర గురించి కూడా ఒక మాట. పిల్లల బొమ్మలకు అమెరికాలో ఏఎస్‌టీఎం ఎఫ్963, ఐరోపాలో ఈఎన్ 71 వంటి ప్రమాణాలు ఉన్నాయి, కుక్కల బొమ్మలకు అలాంటి తప్పనిసరి ప్రమాణం చాలాచోట్ల లేదు. పిల్లల ప్రమాణం ప్రకారం పరీక్షించామని ఎవరైనా రాసినా అది ప్రధానంగా రంగులు, రసాయనాలు, పిల్లల చేతి బలం గురించినదే తప్ప లాబ్రడార్ దవడ గురించినది కాదు.

ఈ దెబ్బతో నేను రెండో తప్పు చేయబోయాను. అసలు విరగనిదే కొంటే సరిపోతుందనుకుని జింక కొమ్ము ముక్కను, గట్టి నైలాన్ ఎముకను ఎంచుకుని వైద్యురాలికి చూపించాను. ఆమె కొమ్ము మీద బొటనవేలి గోరు నొక్కమన్నారు, గాటు పడలేదు. "దీనితో మీ మోకాలి చిప్ప మీద కొట్టుకోగలరా?" అని అడిగారు. గోటికి కొంచెమైనా లొంగనిది, మోకాలికి నొప్పి పుట్టించేది పంటికీ అంతే కటువు. పెద్ద కుక్కకు ఉండే 42 పళ్ళలో గట్టి వస్తువులను కొరికే భారమంతా దాదాపుగా పై దవడలోని నాలుగో అగ్రచర్వణకం (కోర పన్నుకు వెనక వరుసలో ఉండే నమిలే పన్ను) మీద, దానికి ఎదురుగా ఉన్న కింది పన్ను మీద పడుతుంది. కొమ్ము, గిట్ట, ఎండిన ఎముక, మంచు గడ్డ వంటివి కొరికినప్పుడు ఆ పై పన్ను పక్క భాగం పెచ్చులా ఊడుతుంది. పన్ను విరిగినా చాలా కుక్కలు మామూలుగానే తింటాయి గనుక యజమానికి నెలల తరబడి తెలియదు, తెలిసేసరికి రూట్ కెనాల్ చేయడమో పన్ను పీకడమో తప్పదు. కటువైనది వేరు, మన్నికైనది వేరు అన్న సంగతి నేను ఆ గదిలోనే నేర్చుకున్నాను.

తాళ్ళ బొమ్మలు మీరు ఒక కొస పట్టుకుని లాగుడు ఆట ఆడించడానికి సరే, కుక్కకు వదిలేయడానికి కాదు. మింగిన దారాలు పేగును కుచ్చిళ్ళలా ముడతలు పెట్టి కోసేస్తాయి. మలద్వారం దగ్గర దారం వేలాడుతున్నా లాగకూడదు, అలాగే ఆసుపత్రికి తీసుకుని వెళ్ళాలి. టెన్నిస్ బంతి మీది నూగులో ఇసుక చేరి పళ్ళను ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. మా బొమ్మలో లాగా ఒకే రంధ్రం ఉన్నవాటిలో నాలుక దూరితే లోపల గాలి తగ్గి పీల్చినట్టు పట్టేసి, నాలుక బయటికి రాకుండా ఉబ్బిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి ఎదురుగా రెండో రంధ్రం ఉన్నదే కొనండి.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది అతుకు గీత లేని, పీక లేని, రెండు రంధ్రాల దళసరి రబ్బరు బొమ్మ. నోట్లో మొత్తంగా పట్టనంత పెద్ద కొలత తీసుకున్నాను. ఇది కూడా ఏదో ఒక రోజు విరుగుతుంది, అందుకే ఆడుకోవడం అయ్యాక అలమరలో పెట్టేస్తున్నాను. ప్రతి ఆదివారం తడి ఆరాక తూచి, బరువును అలమర తలుపు మీది కాగితంలో రాస్తున్నాను. కొన్న రోజున 421 గ్రాములు, ఎనిమిది వారాల తరువాత 417. తగ్గిన నాలుగు గ్రాములూ నలుసులుగా అరిగినవే, ఎక్కడా గోరు దూరేంత చీలిక లేదు. చీలిక కనిపించినా, ఒక్క వారంలోనే అయిదు గ్రాములు తగ్గినా ఆ రోజే పారవేయాలని అదే కాగితం పైన రాసి పెట్టుకున్నాను.