సంక్రాంతికి మూడు రాత్రుల పెద్ద వేదికా, నెలనెలా చిన్న సభా: ఊరికి ఏది మేలు?

కోనసీమలోనైనా, భీమవరం చుట్టుపక్కలైనా, ఊళ్లో సాంస్కృతిక సంఘం పెట్టగానే ముందు వచ్చే ఆలోచన సంక్రాంతికి మూడు రాత్రుల నాటిక పోటీలు. పండక్కి అందరూ ఊళ్లోనే ఉంటారు, చందాలు వస్తాయి, పేరూ వస్తుంది. రెండో దారి అంత కంటికి ఆనదు: నెలకో శనివారం, సాయంత్రం రెండు గంటలపాటు సభ. అన్ని పేటలవాళ్లనీ ఒకచోట కూర్చోబెట్టి పనిచేయించడమే సంఘం ఉద్దేశమైతే, మొదటి రెండేళ్లూ ఈ రెండో దారే పట్టాలి.

పెద్ద వేదికను తక్కువ చేయడానికి లేదు. నాటిక ఈనాటికీ బతికి ఉందంటే ఊళ్లలో నాటిక పోటీలు నడిపే పరిషత్తుల పుణ్యమే. హైదరాబాదులో పెరిగిన పిల్లలు రంగస్థలం మీద మనిషి ఎదురుగా ఏడిస్తే ఎలా ఉంటుందో చూసేది ఇక్కడే. కానీ పని ఎవరి చేతిలో ఉంది? షామియానా, లైట్లు, సౌండు అన్నీ కాంట్రాక్టుకి వెళ్తాయి. ఐదారుగురు కమిటీవాళ్లు పరుగులు పెడతారు, మిగతా ఊరు కుర్చీల్లో కూర్చుంటుంది. వేదిక విప్పేశాక మళ్లీ డిసెంబరు దాకా ఒకరితో ఒకరికి పనిబడదు.

సమయం లెక్క కూడా ఇరుకే. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు (2000) రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వద్దంటాయి. పండగలకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నా, అది ఏడాదికి 15 రోజులు మించకూడదు. ఆరున్నరకు తెర లేచి, గంట చొప్పున మూడు నాటికలు, మధ్యలో సెట్టు మార్చడానికి పదిహేనేసి నిమిషాలు వేసుకుంటే సరిగ్గా పది. మరి సన్మానాలెప్పుడు? ముఖ్య అతిథి ప్రసంగం ఎప్పుడు? అవి దూరితే మూడో బృందం మంచులో, ఖాళీ కుర్చీల ముందు ఆడాలి. దూరం నుంచి వచ్చిన కళాకారులకు అంతకన్నా అవమానం లేదు. సన్మానాలు తప్పవనుకుంటే పొద్దున్న పెట్టుకోండి.

స్థలం సంగతీ అంతే. కోసిన చేలో నేల పైకి ఆరినట్టు కనిపించినా లోపల పచ్చి ఉంటుంది. వేదిక కాళ్లు దిగబడి ఓ పక్కకు ఒరుగుతుంది. ప్రతి కాలి కిందా అడుగు చదరం చెక్క వేయాల్సిందే. కొబ్బరితోటలో పెడితే ముందు కాయలు దింపు తీయించి, ఎండు మట్టలు కొట్టించాలి.

నెలవారీ సభకు ఇవేవీ అక్కర్లేదు. నాట్ల ముమ్మరంలో జూలై, కోతలూ తుపాన్లూ కలిసొచ్చే నవంబరు వదిలేస్తే ఏడాదికి పది సభలు. లక్ష రూపాయలు పోగైతే సభకు 10,000. ఇందులో కళాకారులకు 6,000కు తగ్గనివ్వకూడదు, సౌండుకు 2,500 దాటనివ్వకూడదు. మిగిలింది టీలకు, రానుపోను ఖర్చులకు. హరికథకు కథ చెప్పేవారు, వయొలిన్, మృదంగం: ముగ్గురు, మూడు మైకులు, రెండు స్పీకర్లు చాలు. స్పీకర్లు మైకుల కంటే ముందుకు, జనం వైపు ఉండాలి. వెనకపెడితే కూత మొదలవుతుంది, సభ పాడవుతుంది. కపిలేశ్వరపురంలో హరికథ నేర్పే పాఠశాలే ఉంది. కాకినాడ దగ్గర మాధవపట్నంలో తోలుబొమ్మలాట కుటుంబాలున్నాయి. బొమ్మలాటకు చీకటి కావాలి కాబట్టి తెర దగ్గరి వీధిలైటు ఆర్పించే ఏర్పాటు ముందుగానే పంచాయతీతో మాట్లాడుకోవాలి.

అసలు విషయం చోటు దగ్గరుంది. రామాలయం అరుగు మీద పెడితే కొన్ని పేటలవాళ్లు రారు, చర్చి ఆవరణలో పెడితే మరికొందరు రారు. పిలిచాం కదా, రాకపోతే మేమేం చేస్తాం అనడం సరికాదు. బడి ఆవరణ అందరిదీ, రెండో శనివారం సెలవు కూడా. హెడ్‌మాస్టరు గారి దగ్గర లిఖితపూర్వకంగా అనుమతి తీసుకోండి. నెలకో పేట బాధ్యత తీసుకోవాలి: చాపలు, మంచినీళ్లు, టీ, ఇంటింటికీ పిలుపు, మర్నాడు ఊడ్పు. పేటకు ఆరుగురు చాలు. చివరి పావుగంట ఆ పేటదే: డప్పో, కోలాటమో, పిల్లల పద్యాలో, వాళ్లిష్టం.

కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం (వెదురుతో కట్టి రంగు బట్టలతో అలంకరించిన ప్రభలను ఊరేగించి తెచ్చే జాతర) ఇన్నాళ్లు నిలబడటంలో ఈ కిటుకే ఉంది. కనుమనాడు 11 గ్రామాల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. ప్రతి ఊరూ తన ప్రభను తానే కట్టుకుంటుంది, చేలకు అడ్డంపడి భుజాల మీద తెస్తుంది, కొన్ని ఊళ్లవాళ్లయితే కౌశిక నదిని కూడా దాటిస్తారు. మోసినవాడు దాన్ని నాదంటాడు.

నెలవారీ సభకు ఉన్న పెద్ద జబ్బు మూడో నెలలో జనం పల్చబడటం. తేదీ మార్చడమే దీనికి ఎక్కువసార్లు కారణం. ఒకసారి మారిస్తే తర్వాతి సభ ఎప్పుడో ఎవరికీ గుర్తుండదు. ఇరవైమందే వచ్చినా ఆపొద్దు. రెండో జబ్బు ఫ్లెక్సీ. నాయకుల ఫోటోలు ఎక్కగానే ఊరు రెండవుతుంది. కళాకారుల ఫోటో తప్ప ఇంకెవరిదీ వేయకూడదని మొదటి తీర్మానంలోనే రాసుకోవాలి.

డబ్బు దగ్గర రెండు దారులకూ నియమం ఒకటే. సొసైటీ రిజిస్ట్రేషన్‌కు కనీసం ఏడుగురు సభ్యులుండాలి. కువైట్, దుబాయ్‌లో పనిచేస్తున్న భారత పౌరులు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న ఊరివారి నుంచి మాత్రం విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా తీసుకోకూడదు, ఎంత దగ్గర బంధువైనా.

పేటలన్నీ ఒక చుట్టు బాధ్యత మోశాక, మూడో ఏట సంక్రాంతికి పెద్ద వేదిక వేయండి. ఒక్క రాత్రి, రెండు నాటికలు. అందులో ఒకటి ఊరివాళ్లే ఆడాలి. పాత్రలు దసరాకు ముందే పంచి, మాటలు ఎవరింట్లో వాళ్లు నేర్చుకుని, సార్వా (ఖరీఫ్ వరి) కోతలు తెమిలాక డిసెంబరులో రోజూ రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా రిహార్సల్స్ పెట్టుకుంటే పండక్కి సిద్ధమవుతుంది.